కనుమల రారాజు ఫౌస్టో కొప్పి



ప్రతి సంచికలోనూ ఒక గొప్పవారి జీవితం గురించి రాసుకోవడం మనకు అలవాటు. అంబేద్కర్ గారి గురించి, గురజాడ వారి గురించి, గిడుగు వారి గురించి, మన వీరఘట్టం బిడ్డ కోడి రామ్మూర్తి నాయుడు గారి గురించి మీరు చదివే ఉంటారు. ఈసారి మేం ఒక సైకిలు పందెగాడి కథ రాస్తున్నాం. ఆయన పేరు ఫౌస్టో కొప్పి. దేశం ఇటలీ. చనిపోయి అరవై ఏళ్లు దాటింది. ఎక్కడి ఇటలీ, ఎక్కడి మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు అని మీకు అనిపించవచ్చు. ఆయన బాల్యం మన బాల్యం లాంటిదే. ఇక ఆయన ప్రాణం తీసింది మన మన్యం ఊళ్లకు బాగా తెలిసిన జబ్బే. అందుకే ఈ కథ మనది కూడా.

సాలూరు ఘాట్‌లో మా పరువు

ముందు మా సంగతి ఒకటి చెప్పాలి. పదో తరగతి పరీక్షలు అయిపోయిన మర్నాడు మేం ఐదుగురం రోజు అద్దెకు సైకిళ్లు తీసుకుని సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కుదామని బయలుదేరాం. విజయనగరం నుంచి రాయపూర్ పోయే జాతీయ రహదారి సాలూరు దాటాక తూర్పు కనుమలు ఎక్కి, ఒడిశాలోని సుంకి, పొట్టంగి మీదుగా కోరాపుట్ చేరుతుంది. అప్పట్లో దాని నంబరు 43. ఇప్పుడు 26.

సాలూరు వరకు పాటలు పాడుకుంటూ వెళ్లాం. ఘాట్ మొదలయ్యాక పాటలు ఆగిపోయాయి. మూడో మలుపు దగ్గర సీటు మీంచి లేచి నిలబడి తొక్కాం. ఆ తర్వాత దిగి నెట్టాం. లోడు లారీలు మొదటి గేరులో మూలుగుతూ మమ్మల్ని దాటిపోతుంటే, ఒక క్లీనరు జాలిపడి నీళ్ల సీసా అందించాడు. సగం దారిలోనే వెనక్కి తిరిగాం. హాస్టల్‌కు వచ్చాక మాత్రం సుంకి చూసి వచ్చామని అందరికీ చెప్పాం. ఆ అబద్ధాన్ని ఈ సంచికలో వెనక్కి తీసుకుంటున్నాం.

కొండ మీదికి సైకిలు తొక్కేవాళ్లు అసలు ఉంటారా అన్న సందేహం అప్పుడే పుట్టింది. కాలేజీలో చేరాక లైబ్రరీలో వెతికితే దొరికిన జవాబు కొప్పి.

మాంసం కొట్టు కుర్రాడు

ఫౌస్టో కొప్పి 1919 సెప్టెంబరు 15న ఇటలీ వాయవ్య భాగంలో, పీడ్‌మాంట్ ప్రాంతంలోని కాస్తెల్లానియా అనే చిన్న కొండ ఊరిలో పుట్టాడు. తండ్రి దొమెనికో, తల్లి ఆంజియోలినా వ్యవసాయం చేసుకునేవారు. ఐదుగురు పిల్లల్లో ఫౌస్టో నాలుగోవాడు, తమ్ముడు సెర్సే ఆఖరివాడు. ఫౌస్టో చిన్నప్పుడు బలహీనంగా ఉండేవాడు. పెద్దయ్యాక కూడా కింద పడితే ఎముక విరగాల్సిందే.

ఎనిమిదేళ్ల వయసులో ఇంటి కింది గదిలో తుప్పు పట్టిన పాత సైకిలు ఒకటి కనిపించింది. దాన్ని బాగు చేసుకుని, బడి ఎగ్గొట్టి రోజంతా తొక్కాడు. మర్నాడు బడికి వెళ్తే, తాను బడికి రావాలే గాని సైకిలు తొక్కుతూ తిరగకూడదని పదే పదే రాయించారు. మనలో ఎంతమంది ఇలాంటి ఇంపొజిషన్లు రాశామో మనకే తెలుసు.

పదమూడేళ్లకే చదువు ఆగిపోయింది. ఇంటికి సాయంగా ఉంటుందని నోవి లిగూరే అనే పట్నంలో ఒక మాంసం కొట్టులో పనికి కుదిరాడు. సైకిలు మీద ఇంటింటికీ మాంసం పొట్లాలు అందించడం అతని పని. చుట్టూ ఉన్నవి కొండ దారులే కాబట్టి, తెలియకుండానే కాళ్లు గట్టిపడ్డాయి. అతని ఆసక్తి చూసి, ఓడల మీద పనిచేసే చిన్నాన్న మంచి సైకిలు కొనుక్కోమని డబ్బు ఇచ్చాడు.

ఆ కొట్టుకు వచ్చే వారిలో బియాజో కవాన్నా అనే ఆయన ఉండేవాడు. ఒకప్పుడు బాక్సరు. తర్వాత పందెగాళ్ల ఒళ్లు మర్దనా చేసే పనిలో పేరు తెచ్చుకున్నాడు. చూపు పోయింది. అయినా కాళ్లు, వీపు తడిమి, ఊపిరి విని, ఎవరు పైకి వస్తారో చెప్పగలిగేవాడట. ఆ కళ్లులేని మనిషే కొప్పిని మొదట గుర్తించాడు. ఏం తినాలి, ఎంతసేపు పడుకోవాలి, ఎలా తొక్కాలి అన్నీ నేర్పాడు.

1938లో లైసెన్సు తీసుకుని, దగ్గరలోని కాస్తెల్లెత్తో దోర్బాలో జరిగిన పందెం గెలిచాడు. బహుమతి ఒక అలారం గడియారం. తెల్లవారుజామున వాచ్‌మన్ గంట కొడితే దుప్పటి మీదికి లాక్కునే మనకు ఆ బహుమతి విలువ ఎంతో చెప్పనక్కర్లేదు.

ఇరవై ఏళ్లకే ఇటలీ విజేత

ఇటలీలో ఏటా జరిగే పెద్ద సైకిలు పందెం పేరు జీరో ద ఇటాలియా. సుమారు మూడు వారాల పాటు రోజుకు ఒక అంచె చొప్పున దేశమంతా తిరుగుతారు. అన్ని అంచెల సమయాలూ కలిపి ఎవరికి తక్కువ వస్తే వారే విజేత. ఫ్రాన్సులో జరిగే టూర్ ద ఫ్రాన్స్ కూడా ఇలాంటిదే.

1940లో కొప్పిని లెన్యానో జట్టులోకి తీసుకున్నారు. అప్పటికే ఇటలీ అంతా ఆరాధిస్తున్న జీనో బార్తాలికి సాయపడటం అతని ఉద్యోగం. జట్టులో సహాయకుల పని చిన్నదేమీ కాదు. నాయకుడికి నీళ్లు తేవాలి, గాలికి అడ్డంగా ముందు నడవాలి, నాయకుడి సైకిలు పంక్చరు అయితే తన చక్రం ఇచ్చేయాలి. ఆ ఏడాది రెండో రోజే ఒక కుక్క అడ్డం రావడంతో బార్తాలి పడి దెబ్బ తిన్నాడు. తర్వాత ఫ్లోరెన్స్ నుంచి మోదెనా వెళ్లే అంచెలో, వానలో, అబెతోనే కనుమ మీద కొప్పి అందరినీ వదిలి ముందుకు పోయాడు. ఆ జీరో అతనే గెలిచాడు. అప్పటికి ఇరవై ఏళ్లు నిండి తొమ్మిది నెలలు కూడా కాలేదు. అంత చిన్న వయసులో జీరో గెలిచినవారు ఇప్పటికీ మరొకరు లేరు.

పందెం 1940 జూన్ 9న ముగిసింది. మర్నాడే ఇటలీ రెండో ప్రపంచ యుద్ధంలోకి దిగింది.

యుద్ధం తిన్న ఏళ్లు

కొప్పి సిపాయి అయ్యాడు. 1942 నవంబరులో మిలాన్ నగరంలోని విగొరెల్లి ట్రాక్ మీద, ఒక గంటలో ఎంత దూరం పోగలరనే రికార్డు కోసం తొక్కాడు. బాంబుల భయం మధ్య ఆ గంటలో 45.798 కిలోమీటర్లు పోయాడు. ఆ రికార్డు 14 ఏళ్లు నిలిచింది. 1956లో ఫ్రాన్సుకు చెందిన జాక్ ఆంక్వెటిల్ దాన్ని దాటాడు.

1943లో కొప్పిని ఉత్తర ఆఫ్రికా యుద్ధానికి పంపారు. ట్యునీషియాలో బ్రిటిష్ సైన్యానికి పట్టుబడి ఖైదీ అయ్యాడు. ఇరవై మూడు నుంచి ఇరవై ఐదేళ్ల వరకు, ఆటగాడికి బంగారం లాంటి ఆ వయసు ఖైదీల శిబిరాల్లోనే గడిచింది. 1945లో విడుదలయ్యాక కొంత దూరం సైకిలు మీద, కొంత దూరం దారిన పోయే బండ్లను బతిమాలుకుంటూ ఇల్లు చేరాడు.

మరుసటి ఏడాది 1946 మార్చిలో మిలాన్ నుంచి సాన్ రేమో వరకు పందెం పెట్టారు. సుమారు 290 కిలోమీటర్లు. కొప్పి మొదట్లోనే కొందరితో కలిసి ముందుకు పోయాడు. తుర్కీనో కనుమ దగ్గర వాళ్లనూ వదిలేశాడు. రెండో వ్యక్తి వచ్చేసరికి 14 నిమిషాలు పట్టింది. యుద్ధంలో అన్నీ పోగొట్టుకున్న జనానికి ఆ గెలుపు పండగ అయింది.

బార్తాలి, కొప్పి

యుద్ధం తర్వాత కొప్పి బియాంకి జట్టులో చేరాడు. గురువు లాంటి బార్తాలి ప్రత్యర్థి అయ్యాడు. ఇటలీ రెండుగా చీలిపోయింది. హోటళ్లలో, ఇళ్లలో కూడా బార్తాలి మనుషులు, కొప్పి మనుషులు అని వాదించుకునేవారు. ఎన్టీఆర్, ఏఎన్నార్ల అభిమానుల గొడవలు మన తాతల నోట విన్నవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది.

1949 జూన్ 10న కూనియో నుంచి పినెరోలో అంచె. దూరం 254 కిలోమీటర్లు, మధ్యలో ఆల్ప్స్ పర్వతాల్లో ఐదు కనుమలు. మొదటి కనుమ మీదే కొప్పి విడిపోయి, మిగిలిన 192 కిలోమీటర్లూ ఒంటరిగా తొక్కాడు. రెండో స్థానంలో వచ్చిన బార్తాలి దాదాపు 12 నిమిషాలు వెనకబడ్డాడు. ఆ ఏడాది జీరో, టూర్ ద ఫ్రాన్స్ రెండూ కొప్పే గెలిచాడు. ఒకే ఏడాదిలో ఆ రెండూ గెలవడం ప్రపంచంలో అదే మొదలు. 1952లో మళ్లీ రెండూ గెలిచాడు. ఆ టూర్‌లోనే గాలిబియే కనుమ ఎక్కుతూ బార్తాలి, కొప్పి నీళ్ల సీసా అందుకుంటున్న ఫొటో ఒకటి ఉంది. ఎవరు ఎవరికి ఇచ్చారన్నది ఈనాటికీ తేలలేదు. శత్రువులనుకున్నవాళ్లు కొండ మీద దాహం పంచుకున్నారన్నది మాత్రం అందరికీ కనిపిస్తుంది.

అదే 1952 టూర్‌లో మరో సంగతి. కొప్పి జట్టులో ఆంద్రెయా కరెయా అనే సహాయకుడు ఒక రోజు ముందున్న గుంపుతో పాటు పోయి, తనకు తెలియకుండానే మొత్తం పందెంలో మొదటి స్థానానికి వచ్చాడు. మొదటి స్థానంలో ఉన్నవారు వేసుకునే పసుపు చొక్కా తనకు ఇస్తుంటే, నాయకుడు ఏమనుకుంటాడోనని ఏడ్చేశాడు. కొప్పి కోప్పడలేదు, అభినందించాడు. మర్నాడు ఆల్ప్ దుయెజ్ కొండ మీద గెలిచి ఆ చొక్కా తాను తీసుకున్నాడు. మంచినీళ్లు మోసేవాడు లేనిదే మహారాజు లేడని కొప్పికి తెలుసు. ఆయన కూడా ఆ పనితోనే మొదలయ్యాడు కదా.

48 మలుపుల దారి

ఇప్పుడు మా సాలూరు ఘాట్ ప్రశ్నకు జవాబు. ఇటలీ ఉత్తర సరిహద్దుల్లో స్టెల్వియో అనే కనుమ ఉంది. ఎత్తు 2,758 మీటర్లు. 1820 నుంచి 1825 వరకు ఆస్ట్రియా సామ్రాజ్యం కాలంలో, కార్లో దొనెగాని అనే ఇంజనీరు ఆ రోడ్డు వేయించాడు. ప్రాతో అనే ఊరి వైపు నుంచి ఎక్కితే 48 వంపులు. ప్రతి వంపుకీ నంబరు రాసి ఉంటుంది. సుమారు 24 కిలోమీటర్ల దూరంలో 1,800 మీటర్లు పైకి ఎక్కాలి. మన తూర్పు కనుమల్లో అన్నిటికన్నా ఎత్తయిన శిఖరాలు కూడా సముద్రమట్టం నుంచి 1,700 మీటర్లకు లోపే ఉంటాయి. అంటే సముద్రం ఒడ్డు నుంచి మన అతి పెద్ద కొండ కొన దాకా తొక్కినా స్టెల్వియో ఎక్కినంత కాదు.

పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. ఆ ఎత్తులో ఒక్కో ఊపిరికి అందే ప్రాణవాయువు సముద్రమట్టం దగ్గర కన్నా పావువంతు పైనే తగ్గిపోతుంది. పందెం సైకిలుకు గేర్లు ఉంటాయి. వెనక చక్రం దగ్గర పెద్ద పళ్ల చక్రం మీదికి చైను మారిస్తే తొక్కుడు తేలికవుతుంది. కానీ తొక్కిన ప్రతిసారీ పోయే దూరం తగ్గుతుంది. అంటే బరువు తగ్గదు, దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసుకుని మోస్తామన్నమాట. మా అద్దె సైకిళ్లకు ఆ సదుపాయం కూడా లేదు.

1953లో జీరో తొలిసారిగా స్టెల్వియో మీదుగా పోయింది. జూన్ 1న బొల్జానో నుంచి బోర్మియో అంచె. స్విట్జర్లాండ్‌కు చెందిన హ్యూగో కోబ్లెట్ అప్పటికి మొత్తం మీద 1 నిమిషం 59 సెకన్లు ముందున్నాడు. కొప్పికి 33 ఏళ్లు. మర్నాడే మిలాన్‌లో పందెం ముగింపు. కొప్పి ఓటమి ఒప్పుకున్నట్లే కనిపించాడట. ఉదయం కొప్పి జట్టువాడొకడు ఫొటో మిషతో కోబ్లెట్ చేత నల్ల కళ్లద్దాలు తీయించి, నిద్రలేని కళ్లు చూసి, ఆ కబురు కొప్పికి చేరవేశాడని ఒక కథ చెప్పుకుంటారు.

జూన్ నెలైనా పైన రోడ్డుకు ఇరువైపులా మంచు గోడల్లా ఉంది. శిఖరానికి ఇంకా 11 కిలోమీటర్లు ఉందనగా కొప్పి వేగం పెంచాడు. కోబ్లెట్ అందుకోలేకపోయాడు. ఒక్కో వంపుకీ దూరం పెరిగింది. దిగేటప్పుడు కోబ్లెట్ కింద పడ్డాడు కూడా. బోర్మియోలో కొప్పి గీత దాటిన 3 నిమిషాల 28 సెకన్లకు కోబ్లెట్ వచ్చాడు. ఆ జీరోను కొప్పి 1 నిమిషం 29 సెకన్ల తేడాతో గెలిచాడు. అది ఆయనకు ఐదో జీరో, ఆఖరిది కూడా. అదే ఏడాది లుగానోలో ప్రపంచ విజేత అయ్యాడు.

మచ్చలు

గొప్పవారి కథలో మచ్చలు దాచడం మాకు ఇష్టం లేదు. ఆ రోజుల్లో పందెగాళ్లు ఉత్తేజం కోసం మందులు వాడేవారు. అప్పటికి వాటి మీద నిషేధం లేదు. తాను కూడా వాడినట్లు కొప్పి బహిరంగంగానే ఒప్పుకున్నాడు. తర్వాతి కాలంలో ఆ మందులు కొందరి ప్రాణాలు తీశాయి. ఈ విషయంలో ఆయన్ని అనుసరించకూడదు.

1951లో తమ్ముడు సెర్సే ఒక పందెంలో పడి, తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. ఆ దుఃఖం నుంచి కొప్పి పూర్తిగా తేరుకోలేదంటారు. తర్వాత భార్యను వదిలి, మరొకరికి భార్య అయిన జూలియా ఒక్కీనితో కలిసి బతకడం మొదలుపెట్టాడు. అప్పటికి ఇటలీలో విడాకుల చట్టం లేదు. అది 1970లో వచ్చింది. 1955లో కోర్టు ఇద్దరికీ శిక్ష వేసి, అమలు నిలిపివేసింది. నిన్నటి దాకా మోసిన జనమే తిట్టారు. రెండు ఇళ్ల పిల్లలూ బాధపడ్డారు. కొండలు ఎక్కగలిగినంత తేలికగా ఆయన ఇల్లు చక్కబెట్టుకోలేకపోయాడు.

ఒక దోమ

ఇక అసలు చెప్పాల్సిన సంగతి. 1959 డిసెంబరులో, అప్పట్లో అప్పర్ వోల్టా అని పిలిచే ఇప్పటి బుర్కినా ఫాసోకు కొందరు పేరున్న పందెగాళ్లను ఆహ్వానించారు. అక్కడివాళ్లతో సరదా పందెం, తర్వాత వేట. కొప్పి, ఫ్రాన్సుకు చెందిన రఫాయెల్ జెమినియాని ఒకే గదిలో పడుకున్నారు. గది నిండా దోమలు.

ఇళ్లకు చేరాక ఇద్దరికీ తీవ్రమైన జ్వరం వచ్చింది. ఫ్రాన్సులో జెమినియానికి రక్తపరీక్ష చేసి మలేరియా అని తేల్చారు. క్వినైన్ ఇచ్చారు. స్పృహ తప్పినవాడు కూడా బతికాడు. 99 ఏళ్లు జీవించి 2024లో కన్నుమూశాడు. ఇటలీలో కొప్పికి చూసినవాళ్లు ఫ్లూ జ్వరమనీ, ఊపిరితిత్తుల జబ్బనీ అనుకున్నారు. జెమినియాని ఇంటివారు మలేరియా అని కబురు చేసినా పట్టించుకోలేదని చెబుతారు. 1960 జనవరి 2న తొర్తోనాలో కొప్పి చనిపోయాడు. వయసు 40 ఏళ్లు. ఒకే గది, ఒకే దోమలు, ఒకే జ్వరం. ఒకరికి రక్తం చూశారు, ఒకరికి చూడలేదు. తేడా అంతే.

మలేరియాను దోమలే మోస్తాయనడానికి మొదటి రుజువు 1897లో మన సికింద్రాబాద్‌లోనే రొనాల్డ్ రాస్‌కు దొరికింది. దానికి 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ తర్వాత అరవై ఏళ్లకు కూడా ప్రపంచ విజేత ప్రాణానికి ఆ జ్ఞానం సమయానికి అందలేదు.

సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం వైపు నుంచి వచ్చిన తమ్ముళ్లకు చలిజ్వరం గురించి మేం చెప్పాల్సిన పని లేదు. మా గదిలో ఒక తమ్ముడు ఉండేవాడు. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చిన పది రోజులకు జ్వరం పట్టుకుంది. పరీక్షలు పోతాయని ఎవరికీ చెప్పలేదు. రెండు దుప్పట్లు కప్పుకుని వణుకుతూ, చెమట పట్టి జ్వరం తగ్గినప్పుడల్లా లేచి చదివేవాడు. బిళ్లలు ఇచ్చినవారు ఎవరూ ఏ ఊరి నుంచి వచ్చావని అడగలేదు. నాలుగో రోజు మాటలు తడబడుతుంటే మన హాస్టల్ కమాటి చూసి, తన భుజం మీద వేసుకుని రిక్షా దాకా మోశాడు. రక్తం చూశారు, మలేరియా. వారం రోజులకు లేచి కూర్చున్నాడు. కొప్పి కథ చదివినప్పుడు మాకు మొదట గుర్తొచ్చింది ఆ తమ్ముడే. మేం నలుగురం పక్క మంచాల మీదే ఉండి కూడా ఎవరికీ చెప్పలేదు. చెప్పొద్దన్నాడని ఊరుకున్నాం. ఆ తప్పు మాది.

మిగిలినవి

1965 నుంచి ప్రతి జీరోలోనూ అన్నిటికన్నా ఎత్తయిన కనుమకు చీమా కొప్పి, అంటే కొప్పి శిఖరం, అని పేరు పెడుతున్నారు. అక్కడికి ముందు చేరినవారికి ప్రత్యేక బహుమతి. ఆయన శతజయంతి 2019లో వచ్చినప్పుడు పుట్టిన ఊరి పేరును కాస్తెల్లానియా కొప్పిగా మార్చారు. అన్నదమ్ములిద్దరి సమాధులూ అక్కడ పక్కపక్కనే ఉన్నాయి.

తమ్ముళ్లూ, మాంసం పొట్లాలు మోసిన కుర్రాడి పేరు శిఖరాలకు పెట్టారు. మనం చోడి అంబలి తాగి పెరిగామని, అద్దె సైకిలు మీద తిరిగామని చిన్నబుచ్చుకోవద్దు. కొండ దారుల్లో గట్టిపడిన కాళ్లు మనకూ ఉన్నాయి. చదువు అనే కనుమకు కూడా వంపులు చాలానే. ఒక్కో వంపూ లెక్కపెట్టుకుంటూ ఎక్కండి.

ఇంకొక్క మాట. జ్వరం వస్తే దాచవద్దు. వార్డెన్ గారికి చెప్పండి. ఈ మధ్య ఏ ఊళ్లో పడుకుని వచ్చారో డాక్టరు అడగకపోయినా చెప్పండి. రక్తపరీక్ష చేయమని అడగండి. పక్క మంచం మీది తమ్ముడు వణుకుతుంటే, వద్దన్నా సరే, మీరు వెళ్లి చెప్పండి. గెలుపులో పక్కన నిలబడటానికి చాలామంది వస్తారు. జ్వరంలో పక్కన ఉండేది హాస్టల్ మిత్రులమే.

వచ్చే ఏడాది వార్షికోత్సవానికి ముందు సాలూరు ఘాట్‌కు మళ్లీ వెళ్దామని పాత విద్యార్థులం అనుకుంటున్నాం. ఈసారి గేర్ల సైకిళ్లతో. సుంకి చేరకపోతే చేరలేదనే రాస్తాం.